లైట్లు లేని స్విచ్చు: వర్చువల్ మెషీన్లకు నెట్‌వర్క్ వేసిన డైరీ

మొదటి శనివారం

మా అన్నయ్య కొడుకు ఇంజినీరింగ్ మూడో ఏడు. ఆరడుగులు ఉన్నా ఇంట్లో అందరికీ చిన్నోడే. వాళ్ల నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో ఆరుగురికి ఒక స్విచ్చట (కంప్యూటర్లని కేబుళ్లతో కలిపే పెట్టె). "నా వంతు వచ్చేసరికి పీరియడ్ అయిపోతోంది బాబాయ్. కేబుల్ పెట్టి తీయడం తప్ప నేనింకేం చేయలేదు" అన్నాడు.

నా దగ్గర పాత డెస్క్‌టాప్ ఒకటి ఊరికే పడుంది. నాలుగు కోర్లు, 16 జీబీ ర్యామ్, డెబియన్ లైనక్స్. అందులోనే వాడికో ల్యాబ్ కట్టిద్దాం అనుకున్నాం. మూడు నాలుగు వర్చువల్ మెషీన్లు (ఒకే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు), వాటిని కలుపుతూ ఒక వర్చువల్ ఈథర్‌నెట్, అంటే కేబుల్ నెట్‌వర్క్‌కి నకలు. పైసా ఖర్చు లేదు. పదిహేనేళ్లుగా ఆఫీసుల్లో కేబుళ్లు లాగి, ఆర్‌జే45 కనెక్టర్లు క్రింప్ చేసి బతికినవాణ్ని. రెండు గంటల పని అనుకున్నా. నాలుగు వారాలు పట్టింది, అందుకే ఈ డైరీ.

వర్చువల్ మెషీన్లని నడపడానికి క్యూఎమూ, కేవీఎం అనే సాఫ్ట్‌వేర్లు తీసుకున్నాం. మౌస్‌తో నొక్కి పని కానిచ్చే టూల్స్ ఉన్నాయి, వాటిని కావాలనే పక్కన పెట్టాను. నెట్‌వర్క్ నేర్చుకోవడానికి కూర్చున్నప్పుడు నెట్‌వర్క్ కట్టే పని ఇంకొకరికి అప్పజెబితే ఎలా?

రెండు ఉబుంటు సర్వర్ మెషీన్లు లేపాం. నెట్‌వర్క్ గురించి ఏ ఆప్షనూ ఇవ్వలేదు. రెండింట్లోనూ ఇంటర్నెట్ వచ్చేసింది, అప్‌డేట్లు దిగిపోతున్నాయి. చిన్నోడు ఒక మెషీన్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్) చూశాడు, 10.0.2.15. రెండో దాంట్లో కూర్చుని దానికి పింగ్ కొట్టాడు, అంటే 'ఉన్నావా?' అని అడిగి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూశాడు.

"బాబాయ్, 0.04 మిల్లీసెకన్లు! ఇంత ఫాస్టా?"

"రెండో దాని ఐపీ కూడా చూడరా."

చూశాడు. అదీ 10.0.2.15 యే. పాపం ఆ మెషీన్ అంతసేపూ తనకు తానే పింగ్ కొట్టుకుంటోంది.

ఆప్షన్ ఇవ్వకపోతే క్యూఎమూ యూజర్ మోడ్ అనే పద్ధతి పెట్టేస్తుంది. ప్రతి మెషీన్‌కూ విడిగా ఒక బుల్లి ప్రపంచం కట్టి ఇస్తుంది: నువ్వు 10.0.2.15, నీ గేట్‌వే (బయటికి దారి) 10.0.2.2, నీ డీఎన్ఎస్ (సైట్ పేర్లకి ఐపీలు చెప్పేది) 10.0.2.3. పక్క మెషీన్‌కీ అచ్చం అదే ప్రపంచం, కానీ వేరే ప్రపంచం. హాస్టల్లో అన్ని గదులూ ఒకేలా ఉన్నట్టు, గదుల మధ్య తలుపులు మాత్రం లేవు. బ్రౌజింగ్‌కి ఇది చాలు. మనకి కావాల్సింది ఒకే తీగ మీద ఇద్దరూ ఉండటం.

అదే రోజు, సాయంత్రం

తీగకు ముందు స్విచ్చు కావాలి. లైనక్స్ గుండెకాయలాంటి కెర్నెల్లోనే బ్రిడ్జ్ అని ఒకటి ఉంది. పేరు బ్రిడ్జ్ అయినా పని స్విచ్చుదే. ఐపీ లింక్ యాడ్ అని ఒక కమాండ్ కొడితే పుడుతుంది. బీఆర్0 అని పేరు పెట్టాం. 8 పోర్టుల స్విచ్చా, 16 పోర్టులదా అన్న గొడవ లేదు, ఎన్ని తగిలించినా మోస్తుంది.

ఇక కేబుల్. అది ట్యాప్ అనే పరికరం. దీన్ని చిన్నోడికి అర్థమయ్యేలా చెప్పడానికి పావుగంట పట్టింది. ట్యాప్‌కి రెండు కొసలుంటాయి. ఒక కొస కెర్నెల్‌కి నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది, దాన్ని బ్రిడ్జ్‌కి తగిలించవచ్చు. రెండో కొస క్యూఎమూ ప్రోగ్రామ్ చేతిలో ఫైలులా ఉంటుంది. వర్చువల్ మెషీన్ తన కార్డు ద్వారా ఒక ఫ్రేమ్ (ఈథర్‌నెట్ మీద వెళ్లే డేటా మూట) పంపితే క్యూఎమూ దాన్ని ఆ ఫైల్లో రాస్తుంది, ఇటు బ్రిడ్జ్ దగ్గర అది కేబుల్ నుంచి వచ్చిన ఫ్రేమ్‌లా దిగుతుంది. అంతకన్నా మాయ ఏమీ లేదు. ఎక్కడా రాగి లేదు, కానీ ఫ్రేమ్ మాత్రం అసలు ఈథర్‌నెట్ ఫ్రేమే. ముందు ఎవరికి, తర్వాత ఎవరి నుంచి, ఆ తర్వాత లోపల ఏముందో చెప్పే రెండు బైట్లు.

చిన్నోడు ట్యాప్‌కి చాంతాడంత పేరు పెట్టబోయాడు. కెర్నెల్ ఒప్పుకోలేదు. ఇంటర్‌ఫేస్ పేరు 15 అక్షరాలు దాటకూడదు. ట్యాప్0, ట్యాప్1 అని సరిపెట్టుకున్నాడు.

అప్పుడు అడిగాడు: "స్విచ్చుకి కేబుల్ పెడితే లైటు వెలుగుతుంది కదా బాబాయ్. దీనికి లైటు ఎక్కడ?"

మంచి ప్రశ్న. పదిహేనేళ్లలో నా సగం ఉద్యోగం ఆ పచ్చ లైటు చూడటమే. ఫోన్లో ఎవరు కంప్లైంట్ చేసినా నేను మొదట అడిగేది "లైటు వెలుగుతోందా సార్?" అనే. ఇక్కడ చూద్దామంటే పెట్టె లేదు, లైటు లేదు.

వెతికితే ఉంది. ట్యాప్0 ని బ్రిడ్జ్‌కి తగిలించి, ఆన్ చేసి, ఐపీ లింక్ అని కొడితే దాని పక్కన 'నో క్యారియర్' అని చూపించింది. అంటే కేబుల్ రెండో చివర ఎవరూ పట్టుకోలేదని. క్యూఎమూ మెషీన్‌ని లేపి మళ్లీ చూస్తే ఆ మాట పోయి 'లోయర్ అప్' వచ్చింది. ఇదే మన పచ్చ లైటు. ఒక తిరకాసు ఉంది: క్యూఎమూ ట్యాప్‌ని తెరిచిన క్షణమే ఇది వెలుగుతుంది, లోపల ఉబుంటు బూట్ అయిందా లేదా అన్నది దానికి అనవసరం.

ఆ రాత్రికి రెండు మెషీన్లూ ఒకే బ్రిడ్జ్ మీద, రెండు లైట్లూ పచ్చగా. చేత్తో ఐపీలు పెట్టాం, 10.20.0.11, 10.20.0.12. పింగ్ కొట్టాం.

డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్. అవతలి మెషీన్ అందట్లేదట.

ఆదివారం

పొద్దున్నే టిఫిన్ కూడా తినకుండా కూర్చున్నాడు వాడు. నేను తినే కూర్చున్నాను.

ఆఫీసులో అయితే కేబుల్ మార్చి చూస్తాం, పోర్టు మార్చి చూస్తాం. ఇక్కడ మార్చడానికి ఏముంది? ఇక్కడ మనకి ఉన్న మంచి వెసులుబాటు, ఏ తీగ మీదైనా చెవి పెట్టి వినొచ్చు. హోస్ట్ మీద, అంటే అసలు డెస్క్‌టాప్ మీద, రెండు టెర్మినళ్లు తెరిచి ట్యాప్0 మీద ఒక టీసీపీడంప్ (తీగ మీద వెళ్లేవాటిని చూపించే ప్రోగ్రామ్), ట్యాప్1 మీద ఒకటి నడిపాం. మళ్లీ మొదటి మెషీన్ నుంచి పింగ్.

ట్యాప్0 లో: "10.20.0.12 ఎవరు? 10.20.0.11 కి చెప్పండి." ఇది ఆర్ప్ ప్రశ్న: ఫలానా ఐపీ ఉన్న కార్డు మ్యాక్ అడ్రస్ (ఈథర్‌నెట్‌లో కార్డుకుండే గుర్తింపు నంబరు) ఏదో కనుక్కోవడానికి. సెకనుకొకటి వస్తోంది.

ట్యాప్1 లో: అదే ప్రశ్న, దాని కిందే జవాబు. "10.20.0.12 నేనే, నా అడ్రస్ ఇది."

అంటే ప్రశ్న అవతలికి చేరింది. అవతలివాడు జవాబూ చెప్పాడు. ఆ జవాబు బ్రిడ్జ్‌లోకి వెళ్లింది, ట్యాప్0 నుంచి బయటికి రాలేదు. స్విచ్చు మింగేసింది.

స్విచ్చు ఊరికే మింగదు. బ్రిడ్జ్ ఏ అడ్రస్‌ని ఏ పోర్టులో నేర్చుకుందో చూపించే కమాండ్ ఉంది, బ్రిడ్జ్ ఎఫ్‌డీబీ షో. కొట్టాం. బ్రిడ్జ్ సొంత ఎంట్రీలు తీసేస్తే రెండు మెషీన్లకి రెండు వరసలు ఉండాలి. ఒక్కటే ఉంది: 52:54:00:12:34:56. ఒకసారి ట్యాప్0 అంటుంది, ఇంకోసారి ట్యాప్1 అంటుంది.

చిన్నోడు రెండు మెషీన్లలోనూ మ్యాక్ అడ్రస్ చూశాడు. రెండూ అదే. చేత్తో లేపిన ప్రతి క్యూఎమూ మెషీన్‌కీ, మనం వేరే చెప్పకపోతే, మొదటి కార్డుకి అదే అడ్రస్ వస్తుంది. ఒకే మెషీన్‌కి రెండు కార్డులు పెడితే రెండోదానికి చివర 57 ఇస్తుంది. కానీ రెండు వేర్వేరు మెషీన్లు రెండు వేర్వేరు ప్రోగ్రామ్‌లు, ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు.

ఇప్పుడు బ్రిడ్జ్ వైపు నుంచి ఆలోచిస్తే దాని తప్పేమీ లేదు. జవాబు ట్యాప్1 నుంచి వచ్చింది. పంపినవాడి అడ్రస్ చివర 56, సరే, 56 ఉండేది ట్యాప్1 లో అని రాసుకుంది. తర్వాత ఎవరికి అని చూస్తే, 56 కే. వాడు ఇప్పుడే ట్యాప్1 లో ఉన్నాడుగా, వచ్చిన పోర్టులోకే తిప్పి పంపడం ఎందుకని వదిలేసింది. ఒకే డోర్ నంబరు రెండిళ్లకి ఉంటే పోస్ట్‌మ్యాన్‌ని తిట్టి లాభం లేదు.

సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. రెండో మెషీన్ కన్సోల్లో ముందు రాత్రి నుంచీ 'ఐపీవీ6 డూప్లికేట్ అడ్రస్' అని ఒక లైను కనిపిస్తూనే ఉంది. ఐపీవీ6 లోకల్ అడ్రస్ మ్యాక్ నుంచే తయారవుతుంది కాబట్టి అది ముందే పసిగట్టింది. మనం ఐపీవీ6 వాడట్లేదుగా అని దాన్ని నేనే పట్టించుకోలేదు.

మెషీన్‌కొక అడ్రస్ ఇచ్చాం, చివర 11, 12, 13. మొదటి బైటు 52 మాత్రం కదపలేదు. అది బైనరీలో 01010010. కుడి నుంచి రెండో బిట్ 1 అయితే ఆ అడ్రస్ ఏ కంపెనీకీ కేటాయించింది కాదు, మనమే పెట్టుకున్నది అని గుర్తు. చిన్నోడు దీన్ని సెమిస్టర్‌లో చదివాడట, రెండు మార్కుల ప్రశ్న. "ఇది నిజంగా వాడతారని అనుకోలేదు బాబాయ్."

పింగ్ వెళ్లింది. 0.6 మిల్లీసెకన్లు. ఈసారి నిజమైన పింగ్.

బుధవారం రాత్రి, చిన్న నోట్

హోస్ట్ మీద డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్ పెట్టాను, ఐపీలు చేత్తో పెట్టే బాధ లేకుండా డీహెచ్‌సీపీ (అడిగినవాళ్లకి ఐపీ ఇచ్చే పద్ధతి) ద్వారా ఇస్తుందని. ఒకే డిస్క్ నుంచి కాపీ చేసిన మూడు మెషీన్లు లేపాను. మ్యాక్‌లు మూడూ వేరే, ఐపీ మాత్రం మూడింటికీ ఒకటే.

ఇది ఇంకో రకం కవలల గోల. ఉబుంటు సర్వర్ డీహెచ్‌సీపీని అడిగేటప్పుడు మ్యాక్ కాకుండా తన మెషీన్ ఐడీ నుంచి తయారుచేసిన గుర్తింపు చెబుతుంది. ఆ ఐడీ ఈటీసీ ఫోల్డర్‌లో ఒక ఫైలు, డిస్క్‌తోపాటే అదీ కాపీ అయింది. అసలు డిస్క్‌లో ఆ ఫైల్‌ని ఖాళీ చేసి మళ్లీ కాపీలు తీశాను. ఫైల్‌ని చెరిపేయడం కాదు, ఉంచి ఖాళీ చేయడం. మొదటి బూట్‌లో ఎవరిది వాళ్లు కొత్తగా రాసుకుంటారు.

ఇంకోటి, మర్చిపోకముందే. బీఆర్0 లో డెస్క్‌టాప్ అసలు నెట్‌వర్క్ కార్డుని కావాలనే కలపలేదు. కలిపితే మన డీఎన్ఎస్‌మాస్క్ ఇంట్లో ఫోన్లకీ టీవీకీ కూడా అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది. ఒక ఆఫీసులో ఎవరో ఇంటి నుంచి రౌటర్ తెచ్చి గోడ పోర్టుకి తగిలిస్తే ఫ్లోర్ మొత్తం పడిపోవడం నేను కళ్లారా చూశాను. వర్చువల్ మెషీన్లు బయటికి వెళ్లాలంటే హోస్ట్ నాట్ చేసి (తన సొంత అడ్రస్ పెట్టి) పంపేలా తర్వాత పెట్టుకోవచ్చు, అది చాలు.

రెండో శనివారం

చిన్నోడు వచ్చేసరికి ఏదీ పనిచేయట్లేదు. పోయిన వారం బ్రహ్మాండంగా వెళ్లిన పింగ్ పోయింది. లైట్లు పచ్చ, మ్యాక్‌లు వేరు, ఐపీలు వేరు.

ఈసారి వాడే టీసీపీడంప్ తెరిచాడు, నేను వెనక కుర్చీలో. ఆర్ప్ ప్రశ్న వెళ్లింది, జవాబు వచ్చింది, రెండు వైపులా కనిపించింది. ఆ తర్వాత పింగ్ ప్యాకెట్ ట్యాప్0 లోకి వచ్చింది. ట్యాప్1 లో లేదు.

"ఆర్ప్ దాటుతోంది, ఐపీ దాటట్లేదు" అన్నాడు. "స్విచ్చుకి ఐపీతో పనేంటి బాబాయ్? అది మ్యాక్ చూసి పంపాలి కదా."

పుస్తకం ప్రకారం వాడు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. అందుకే నాకూ అరగంట పట్టింది. చివరికి "వారం మధ్యలో ఈ మెషీన్ మీద ఏమైనా ఇన్‌స్టాల్ చేశావా?" అని అడిగాను.

"డాకర్. మినీ ప్రాజెక్ట్ కోసం. రిమోట్‌లో లాగిన్ అయి వేశాను. దానికీ దీనికీ ఏం సంబంధం?"

ఉంది సంబంధం. డాకర్ అంటే ప్రోగ్రామ్‌లని కంటైనర్లనే విడివిడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్. లైనక్స్‌లో బ్రిడ్జ్ నెట్‌ఫిల్టర్ అని ఒక మాడ్యూల్ ఉంది. అది లోడ్ అయి ఉంటే బ్రిడ్జ్ మీద వెళ్లే ఐపీ ప్యాకెట్లు కూడా ఫైర్‌వాల్ రూల్స్ మీదుగా వెళ్లాలి, ఒకే స్విచ్చులో ఈ పోర్టు నుంచి ఆ పోర్టుకి వెళ్లేవైనా సరే. చూస్తే మన మెషీన్‌లో ఆ మాడ్యూల్ లోడ్ అయి ఉంది. ఇక డాకర్, హోస్ట్‌లో ప్యాకెట్ ఫార్వర్డింగ్‌ని తనే ఆన్ చేయాల్సి వస్తే, ఫార్వర్డ్ చెయిన్ (ఒక చోటి నుంచి ఇంకో చోటికి దాటే ప్యాకెట్ల రూల్స్ వరస) పాలసీని డ్రాప్ చేసేస్తుంది, అంటే ఏ రూలూ ఒప్పుకోనిదాన్ని పారేయమని, భద్రత కోసం. రెండూ కలిసేసరికి మన మెషీన్ల మధ్య నడిచే ప్రతి ఐపీ ప్యాకెట్టూ గుమ్మం దగ్గరే ఆగిపోతోంది. ఆర్ప్ ఐపీ కాదు, ఐపీటేబుల్స్ (ఈ ఫైర్‌వాల్ పేరు) దాని జోలికి పోదు. అందుకే అది ఒక్కటే దర్జాగా దాటుతోంది.

నెట్‌లో ఎక్కువమంది చెప్పే వైద్యం ఆ మాడ్యూల్ సెట్టింగ్‌ని సున్నా చేసేయమని. పనిచేస్తుంది. కానీ అది మెషీన్‌లోని బ్రిడ్జ్‌లన్నింటికీ వర్తించే సెట్టింగ్, డాకర్ బ్రిడ్జ్‌తో సహా. నాకు మనసొప్పలేదు. డాకర్ మనలాంటివాళ్ల కోసమే డాకర్ యూజర్ అని ఒక చెయిన్ ఖాళీగా ఉంచుతుంది. అందులో ఒక రూల్ రాశాం: బీఆర్0 నుంచి వచ్చి బీఆర్0 లోకే వెళ్లేదాన్ని వదిలెయ్. బయటికి పోయి వచ్చే ట్రాఫిక్‌కి ఇంకో రెండు.

రూల్ రాసి ఎంటర్ కొట్టేసరికి, అవతలి విండోలో ఆపకుండా వదిలేసిన పింగ్ దానంతటదే కదిలింది. వాడి మొహం చూడాలి అప్పుడు.

రెండో ఆదివారం

ఇప్పుడు వాడి ల్యాప్‌టాప్ మీద ఉన్న మెషీన్‌ని కూడా ఇదే నెట్‌వర్క్‌లోకి తేవాలి. ల్యాప్‌టాప్ వైఫై మీద ఉంది.

"వైఫై కార్డుని కూడా ఒక బ్రిడ్జ్‌లో పెట్టేద్దాం" అన్నాడు. ప్రయత్నించనిచ్చాను. 'ఆపరేషన్ నాట్ సపోర్టెడ్' అని తిప్పికొట్టింది. కారణం వైఫై ఫ్రేమ్ కట్టుబడిలోనే ఉంది. ల్యాప్‌టాప్ నుంచి యాక్సెస్ పాయింట్‌కి (వైఫై ఇచ్చే పెట్టెకి) వెళ్లే మామూలు వైఫై ఫ్రేమ్‌లో మూడు అడ్రస్‌లకే చోటు: యాక్సెస్ పాయింట్, పంపేవాడు, చేరాల్సినవాడు. పంపేవాడి వెనక ఇంకో మెషీన్ ఉందని చెప్పడానికి నాలుగో గడి లేదు. పైగా తన దగ్గర లాగిన్ కాని మ్యాక్ నుంచి ఫ్రేమ్ వస్తే యాక్సెస్ పాయింట్ తీసుకోదు.

ఆఫీసులో అయితే నేను వీఎక్స్‌లాన్ వాడతాను. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌ని యూడీపీ ప్యాకెట్లో పెట్టి పంపడం, పోర్ట్ 4789. దానికి రెండు వైపులా రూట్ అధికారం (మెషీన్ మీద పూర్తి హక్కు) కావాలి, 50 బైట్ల బరువు పెరుగుతుంది కాబట్టి ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1450 కి తగ్గించుకోవాలి. వాడు రేపు ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌తో కలపాలన్నా, కాలేజీ మెషీన్‌తో కలపాలన్నా రూట్ ఎవరిస్తారు? అందుకని పాత స్నేహితుణ్ని బయటికి తీశాను: వీడీఈ, వర్చువల్ డిస్ట్రిబ్యూటెడ్ ఈథర్‌నెట్. ఇటలీలో బొలోన్యా యూనివర్సిటీ ప్రొఫెసర్ రెంజో దవోలీ మొదలుపెట్టిన వర్చువల్ స్క్వేర్ ప్రాజెక్టులోది. 2005 లో దీని మీద పేపర్ వచ్చింది. వయసు మీద పడిందే కానీ, నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బొమ్మ నాకు కనబడలేదు.

ఎందుకంటే ఇందులో ప్రతి వస్తువుకీ అసలు ప్రపంచంలో జోడీ ఉంది. వీడీఈ స్విచ్ అంటే స్విచ్చు. మామూలు యూజర్‌గా నడిచే ప్రోగ్రామ్, ఏమీ చెప్పకపోతే 32 పోర్టులు. వీడీఈ ప్లగ్ అంటే కేబుల్ చివర ఉండే ప్లగ్గు. డీపైప్ అంటే రెండు ప్లగ్గుల మధ్య తీగ. మామూలు పైప్ ఒక వైపే పారుతుంది, ఇది రెండు వైపులా పారుతుంది. ఆ తీగ మధ్యలో ఎస్ఎస్‌హెచ్ (వేరే మెషీన్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే దారి) పెడితే కేబుల్ ఎంత దూరమైనా సాగుతుంది. ఒకే లైను కమాండ్: ఈ ప్లగ్గు, ఈజ్ ఈక్వల్ టు గుర్తు, ఎస్ఎస్‌హెచ్ అవతలి మెషీన్, అక్కడి ప్లగ్గు.

డెస్క్‌టాప్ మీద ఒక వీడీఈ స్విచ్, దానికో ట్యాప్ తగిలించి బీఆర్0 లో కలిపాం. ల్యాప్‌టాప్ మీద ఇంకో వీడీఈ స్విచ్, అక్కడి వర్చువల్ మెషీన్ దానికి. మధ్యలో డీపైప్. ఇక్కడో అరగంట వృథా: ల్యాప్‌టాప్ క్యూఎమూకి స్విచ్ లోపల ఉండే సాకెట్ ఫైలు పేరు ఇచ్చాను. ఇవ్వాల్సింది దాని ఫోల్డర్ పేరు.

ల్యాప్‌టాప్ మెషీన్‌కి డెస్క్‌టాప్ డీహెచ్‌సీపీ నుంచి 10.20.0.14 వచ్చింది. ఆ ఒక్క ఫ్రేమ్ వచ్చిన దారి చిన్నోడు కాగితం మీద గీశాడు: క్యూఎమూ, ల్యాప్‌టాప్ స్విచ్, ప్లగ్గు, ఎస్ఎస్‌హెచ్, వైఫై, మళ్లీ ఎస్ఎస్‌హెచ్, ప్లగ్గు, డెస్క్‌టాప్ స్విచ్, ట్యాప్, బ్రిడ్జ్. ఆ మెషీన్‌కి ఇవేవీ తెలియవు. పక్కనే స్విచ్చు ఉందనుకుంటోంది. పింగ్ 5 మిల్లీసెకన్లు.

మూడో శనివారం

ఏడున్నరకి డెస్క్‌టాప్ ఫ్యాన్ గింగిరాలు తిరగడం మొదలెట్టింది. ల్యాప్‌టాప్ కూడా వేడెక్కింది. హాల్లోంచి మా ఆవిడ: "ఏవండీ, నెట్ పోయింది! టీవీలో చక్రం తిరుగుతోంది!"

చిన్నోడు నెమ్మదిగా, "పిన్ని సీరియల్‌కి మనమే కారణమా బాబాయ్?"

మనమే. మొదటి డీపైప్ తెగిపోయిందనుకుని వాడు ఇంకో టెర్మినల్లో రెండోది నడిపాడు. మొదటిది తెగలేదు. రెండు స్విచ్చుల మధ్య రెండు తీగలయ్యాయి. ఎవరో ఒక ఆర్ప్ ప్రశ్న అడిగారు. అది బ్రాడ్‌కాస్ట్, వచ్చిన పోర్టు తప్ప అన్నింట్లోకీ వెళ్లాలి. కాబట్టి రెండు తీగల మీదా వెళ్లింది. అవతలి స్విచ్ మొదటి తీగ మీద వచ్చినదాన్ని రెండో తీగలోకి, రెండో దాని మీద వచ్చినదాన్ని మొదటి తీగలోకి వదిలింది. ఒక కాపీ గడియారం తిరిగే దిశలో, ఇంకోటి ఎదురు దిశలో, గానుగెద్దుల్లా. ఐపీ ప్యాకెట్‌కి టీటీఎల్ ఉంటుంది, గుమ్మం గుమ్మానికీ ఒకటి తగ్గి చివరికి చస్తుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కి ఆయుష్షు రాయలేదు. కొత్త బ్రాడ్‌కాస్ట్ వచ్చిన ప్రతిసారీ ఇంకో రెండు ఎద్దులు. ఇవన్నీ మా ఇంటి వైఫై మీద తిరుగుతున్నాయి.

రెండో డీపైప్ చంపేశాం. టీవీ బాగుపడింది. మా ఆవిడకి జరిగింది వివరించబోతే "కథ అయిపోయాక చెప్పండి" అంది.

అసలు స్విచ్చుల్లో ఈ జబ్బుకి మందు 1985 లోనే రాడియా పెర్ల్‌మన్ డీఈసీ కంపెనీలో ఉండగా కనిపెట్టారు, స్పానింగ్ ట్రీ. స్విచ్చులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, అదనపు తీగని పక్కన పెట్టేస్తాయి. వీడీఈ స్విచ్‌లో దీని వేగవంతమైన రకం ఉంది, కానీ మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది. మేనేజ్‌మెంట్ కన్సోల్లోకి వెళ్లి రెండు స్విచ్చుల్లోనూ ఆన్ చేశాం. పిన్ని సీరియల్ అయ్యేదాకా ఆగి, రెండో తీగ మళ్లీ పెట్టాం. ఫ్యాన్ మామూలుగానే తిరిగింది. మొదటి తీగ తీసేస్తే పింగ్ కొన్ని సెకన్లు తడబడి రెండో దారిలో సాగింది.

మూడో ఆదివారం

చేతులు కాలాయి కదా అని బీఆర్0 లో కూడా స్పానింగ్ ట్రీ ఆన్ చేశాను. వెంటనే కొత్తగా లేపిన మెషీన్లకి ఐపీ రావడం ఆలస్యమైంది. దీని డీఫాల్ట్‌లో పోర్టు 15 సెకన్లు విని, 15 సెకన్లు నేర్చుకుని, అప్పుడు ఫ్రేములు వదులుతుంది. ఈ అరనిమిషంలో మెషీన్ డీహెచ్‌సీపీ అని అరిచి అరిచి ఊరుకుంటోంది. బీఆర్0 కి లూప్ వచ్చే దారే లేదు, ఆఫ్ చేసేశాను.

నాలుగో శనివారం

ఈ రోజు సరదా రోజు. వైర్‌ఫిల్టర్ అని వీడీఈలో ఒక పనిముట్టు ఉంది, మంచి తీగని చెడ్డ తీగ చేయడానికి. డెస్క్‌టాప్ మీదే ఇంకో వీడీఈ స్విచ్ పెట్టి, సర్వర్ మెషీన్‌ని దాని మీదికి మార్చి, రెండు స్విచ్చుల మధ్య వైర్‌ఫిల్టర్ పెట్టాం. 100 మిల్లీసెకన్ల ఆలస్యం చెప్పాం. పింగ్ 201 చూపించింది. పోవడానికి వంద, రావడానికి వంద.

తర్వాత నూటికి పది ఫ్రేములు పోగొట్టమన్నాం. 100 పింగ్‌లు కొట్టాడు. 18 పోయాయి.

"పది కదా బాబాయ్ మనం చెప్పింది. పద్దెనిమిది ఎందుకు పోతాయి?"

నేను చెప్పలేదు. కాగితం ఇచ్చాను. రెండు నిమిషాల తర్వాత వాడే అన్నాడు: వెళ్లేటప్పుడు పదికి తొమ్మిది బతుకుతాయి, వచ్చేటప్పుడు ఆ బతికినవాటిలో మళ్లీ పదికి తొమ్మిది. 0.9 ఇంటు 0.9, 0.81. అంటే వందకి 19 పోవాలి, 18 అంటే దగ్గరే.

ఆ చెడ్డ తీగ మీదే సర్వర్ నుంచి ఒక 50 ఎంబీ ఫైల్ దించాం. మంచి తీగ మీద రెప్పపాటులో దిగింది, దీని మీద పాకుతోంది. ఆలస్యం తీసేసి లాస్ మాత్రమే ఉంచాం, లాస్ తీసేసి ఆలస్యం మాత్రమే ఉంచాం, రకరకాలుగా ఆడుకున్నాడు. నేను లేచి వెళ్లిపోయినా వాడు గమనించలేదు.

సాయంత్రం కరెంటు పోయింది. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేదు. తిరిగి వచ్చాక లాగిన్ అయి చూస్తే బీఆర్0 లేదు, ట్యాప్‌లు లేవు, ఫైర్‌వాల్ రూల్ లేదు, వీడీఈ స్విచ్‌లు లేవు. నాలుగు వారాల కమాండ్లన్నీ కెర్నెల్ జ్ఞాపకంలోనే ఉన్నాయి మరి. నేను తల పట్టుకున్నాను. వాడు మాత్రం నోట్‌బుక్ తీశాడు. వాడు ప్రతి కమాండూ రాసుకున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. వరసగా స్క్రిప్ట్‌లో కొట్టుకుంటూ పోయాడు. స్విచ్చు ముందు, ట్యాప్‌లు తర్వాత, మ్యాక్‌లు విడివిడిగా, డాకర్ లేచాకే రూల్. ఆఖరిది నేను చెప్పకుండానే పెట్టాడు.

స్క్రిప్ట్ చివర నేను అడగని పది లైన్లు కూడా రాశాడు. సెకనుకోసారి ప్రతి ట్యాప్ స్థితి చదివి, క్యారియర్ ఉంటే పచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క టెర్మినల్లో గీస్తుంది. కింద పోర్టు నంబర్లు, అచ్చం స్విచ్చు ముందు పలకలా.

నడిపాడు. నాలుగూ ఎరుపు. మెషీన్లు ఒక్కొక్కటే లేపుతుంటే ఎడమ నుంచి పచ్చబడుతూ వచ్చాయి. నాలుగోది లేపబోతుంటే హాల్లోంచి కేక వినిపించింది, "రేయ్ చిన్నోడా, అన్నం చల్లారిపోతోంది!" నాలుగో చుక్క ఇంకా ఎర్రగానే ఉంది.